స్కోపులో మందు మిగలకుండా కడగడం ఎలా

ఎండోస్కోపీ రూములో కొత్తగా చేరిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీ కోసమే. స్కోపును (పేగులోకి పంపి చూసే కెమెరా గొట్టాన్ని) క్రిములు చంపే మందైన 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో 20 నిమిషాలు నానబెట్టాలంటే టైమర్ పెట్టుకుని మరీ చూస్తాం. ఆ తర్వాత నీళ్లతో జాడించే దగ్గరే, లిస్టులో ఇంకా ఎనిమిది కేసులున్నాయని, డాక్టరుగారు పిలుస్తున్నారని హడావిడి పడిపోతాం. స్కోపు లోపలి సన్నని గొట్టాల్లో, అంటే ఛానళ్లలో మిగిలిన ఆ మందు గాలితోనో నీళ్లతోనో కలిసి తర్వాతి పేషెంటు పెద్దపేగులో పడి, లోపలి పొరను కాల్చేస్తుంది.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దావిడ కొలనోస్కోపీ (స్కోపుతో పెద్దపేగు పరీక్ష) చేయించుకుని వెళ్లారు, రిపోర్టు నార్మల్. ఆ రాత్రే కడుపునొప్పి, జిగురు, రక్తంతో విరేచనాలు. పొద్దున్నే మళ్లీ తీసుకొచ్చి వాళ్లమ్మాయి, "బాబూ, పరీక్షకు వచ్చినప్పుడు మా అమ్మ బాగానే ఉంది కదా" అంది. ఆ స్కోపు కడిగింది నేనే. బయాప్సీ ఛానల్‌లో నీళ్లు కొట్టాను, ఎయిర్-వాటర్ ఛానల్ వదిలేశాను. ఆవిడ నాలుగు రోజుల్లో కోలుకున్నారు, ఆ మాట మాత్రం నాకింకా వినబడుతూనే ఉంటుంది.

స్కోపును మందు ట్రేలోంచి తీయగానే ముందు అన్ని ఛానళ్లలోకీ గాలి కొట్టి లోపలున్న మందును బయటికి తోసేయండి. తర్వాత ఫిల్టర్ చేసిన నీళ్లు గానీ స్టెరైల్ నీళ్లు గానీ పెద్ద టబ్బు నిండా తీసుకుని స్కోపు మొత్తం మునిగేలా కనీసం ఒక నిమిషం ఉంచి, సిరంజితో ఒక్కో ఛానల్‌లోకి 100 మి.లీ.కి తగ్గకుండా పంపండి. ఇలా మూడుసార్లు, ప్రతిసారీ టబ్బులో కొత్త నీళ్లే. ఒక స్కోపు జాడించిన నీళ్లలో ఇంకో స్కోపు ముంచితే అది పలచని మందులో ముంచినట్టే, దయచేసి నీళ్ల దగ్గర పొదుపు చేయకండి. సక్షన్ బటన్, ఎయిర్-వాటర్ బటన్ విడిగా తొలవాలి. వాటర్ జెట్ ఛానల్ ఉన్న స్కోపుల్లో అందరూ మర్చిపోయేది దాన్నే. గ్లూటరాల్డిహైడ్ బదులు ఆర్థోఫ్తాలాల్డిహైడ్ (OPA) అనే మందు వాడేచోట, కడిగామనుకున్న స్కోపును పట్టుకున్న చేతి మీద బూడిదరంగు మరక పడిందంటే మందు ఇంకా ఉన్నట్టే, మళ్లీ మొదటి నుంచి కడగండి. ఆఖరున 70 శాతం ఆల్కహాల్ పంపి, గాలితో ఆరబెట్టి, నిలువుగా వేలాడదీయండి.

స్కోపులు కడిగే మెషీన్‌లో కడిగినా ప్రతి ఛానల్‌కీ కనెక్టర్ సరిగ్గా బిగిసిందో లేదో కంటితో చూడాల్సిందే.

క్రిములు చంపడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడేచోట అది మిగిలితే స్కోపు లోపల ఉండగానే పేగు పొర మీద తెల్లటి మచ్చలు, బుడగలు స్క్రీన్ మీద కనిపిస్తాయి. వెంటనే డాక్టరుగారికి చెప్పి స్కోపు మార్పించండి, మొహమాటపడొద్దు.

పేషెంటును పంపేటప్పుడు ఇంట్లోవాళ్లకు చెప్పండి: రెండు రోజుల్లోపు నొప్పి, జ్వరం, రక్త విరేచనాలు, మాటిమాటికీ వెళ్లాలనిపించడం ఉంటే నొప్పి మాత్ర వేసుకుని కూర్చోకుండా వెంటనే రావాలి. పేగుకు చిల్లు పడలేదని ముందు తేల్చుకోవాలి. మందు వల్ల వచ్చిన వాపైతే చాలామందికి సెలైన్‌తో, పేగుకు విశ్రాంతితో కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. కానీ చూడ్డానికి ఇన్ఫెక్షన్‌లాగానో, పేగుకు రక్తం అందక వచ్చే వాపులాగానో ఉంటుంది కాబట్టి స్కోపు సంగతి మనం చెప్పకపోతే డాక్టరుగారికి తట్టకపోవచ్చు. అందుకే ఏ పేషెంటుకు ఏ నంబరు స్కోపు వాడారో, ఎవరు కడిగారో రిజిస్టర్‌లో రోజూ రాయండి. ఒకే స్కోపు వాడిన ఇద్దరు ఇలా తిరిగొస్తే, లిస్టు ఎంత పెద్దదైనా ఆ స్కోపును పక్కన పెట్టేయండి.