కుక్కర్‌లో పాలకూర పప్పు
ఒక కప్పు కందిపప్పును అరగంట నానబెట్టి, రెండున్నర కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచాడు నూనె చేర్చి 3 లేదా 4 విజిల్స్ వచ్చేవరకు ఉడికించాలి. పాలకూరను తరగకముందే ఇసుక పోయేలా రెండు మూడుసార్లు కడగాలి. ఆకును కూడా పప్పుతోపాటే వేసేయడం చాలా ఇళ్లలో అలవాటే గాని, మూత బిగించినప్పుడు ఆకులోని ఆమ్లాలు ఆవిరితో బయటికి పోలేక పచ్చదనాన్ని పోగొడతాయి. అంత లేత ఆకును అలా పాడుచేయడం నాకు నచ్చదు. అందుచేత ఆవిరి పూర్తిగా దిగాక మూత తీసి, ఉడికిన పప్పులో తరిగిన ఆకు, పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి, మూత పెట్టకుండా ఐదారు నిమిషాలు ఉడకనివ్వాలి. పులుపు ముందే తగిలితే పప్పు మెత్తబడదు కనుక చింతపండు రసం చివరనే పోసి, పచ్చివాసన పోయాక వెల్లుల్లి, ఇంగువలతో నేతి తాలింపు పెట్టాలి.