ఫేర్‌వెల్‌కి అక్కల గురించి రాయాలా? ముందు వాళ్ల బకెట్ ఏ రంగో కనుక్కోండి

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు ట్రంకు పెట్టెలు మోసుకుంటూ తిరిగొచ్చారో లేదో నైన్త్ క్లాస్ వాళ్లు నా వెనకాల పడతారు, మేడమ్ టెన్త్ అక్కల ఫేర్‌వెల్‌కి ఒక్కొక్కరి గురించి చదవాలి, ఎట్లా రాయాలో చెప్పండి అని. నేను కూడా గురుకులంలోనే ఐదు నుంచి పది దాకా చదివాను, ఇప్పుడు ఇంకో గర్ల్స్ గురుకులంలో తెలుగు చెప్తున్నా, కాబట్టి రాసిన దాన్నీ నేనే, రాయించుకున్న దాన్నీ నేనే. ప్రతి ఏడాదీ చెప్పిందే చెప్పి గొంతు పోతోంది, అందుకే ఈసారి రాసి పెడుతున్నా.

"మా అక్క మనసు వెన్న, నవ్వు వెన్నెల, మాటలు తేనె." ఈ లైన్ రాయకండి. పేరు ఒక్కటి మార్చి ఎనభై మందికీ చదివెయ్యొచ్చు, నిజంగానే చదువుతారు కూడా, పదో పేరు వచ్చేసరికి హాల్లో సగం మంది పక్కవాళ్ల చీర కుచ్చిళ్లు సర్దుతూ ఉంటారు. నేను పిల్లలకి ఒక టెస్ట్ చెప్తా, రాసినదాంట్లో పేరు చేత్తో మూసేసి డార్మెట్రీలో చదవండి, వింటున్నవాళ్లు అది ఎవరో చెప్పేస్తే ఉంచండి, ఇద్దరు ముగ్గురి పేర్లు వినిపిస్తే చింపెయ్యండి.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకుని పేజీకి ఒక అక్క పేరు రాసి, స్టడీ అవర్ అయ్యాక లైట్లు ఆర్పే లోపు డార్మెట్రీల్లో తిప్పండి. ప్రీ ఫైనల్స్ మొదలయ్యే ముందే ఈ పని అయిపోవాలి, ఆ తర్వాత అక్కలకీ మీకూ తల గోక్కునే టైమ్ ఉండదు. కానీ "అక్క గురించి రాయండి" అని ఉత్తినే తిప్పితే మళ్లీ వెన్న, వెన్నెలే వస్తాయి. అడగాల్సిన ప్రశ్నలు వేరే. ఆమె బకెట్ ఏ రంగు, ట్రంకు పెట్టె మూత లోపల ఏం అంటించుకుంది, ఆదివారం చికెన్ రోజు లైన్లో ఎక్కడ నిలబడుద్ది, ఎవరెవరికి జడలు వేసింది, జ్వరం వచ్చినప్పుడు నీ పక్కన ఎవరు కూర్చున్నారు, పేన్ల దువ్వెన ఎవరి దగ్గర దొరుకుద్ది, వార్డెన్ మేడమ్ వస్తున్నారని ముందుగా సిగ్నల్ ఇచ్చేది ఎవరు. ఇట్లా అడిగితే పిల్లలు ఆపమన్నా ఆపరు.

ఫిఫ్త్, సిక్స్త్ పిల్లల్ని మాత్రం తప్పకుండా అడగండి. క్లాస్‌మేట్స్‌కి స్లామ్‌బుక్ భాష అలవాటైపోయింది, బెస్ట్ ఫ్రెండ్ ఫరెవర్ దాటి ముందుకి రారు. ఇంటి మీద బెంగపడి ఏడ్చిన మొదటి రాత్రి పక్కన పడుకోబెట్టుకున్న అక్క ఎవరో మాత్రం ఆ చిన్నది చచ్చినా మర్చిపోదు. వంట అక్కల్నీ, నైట్ వాచ్‌వుమన్ అమ్మనీ అడగండి. టీచర్లని ఆఖర్న అడగండి, మేం మార్కులు చెప్తాం, అవి ఎట్లాగూ మెమోలో వస్తాయి.

ఒక అక్క గురించి పోయిన ఏడాది మా పిల్లలు రాసింది ఇక్కడ పెడుతున్నా, పేరు తీసేశా.

"ఈ అక్క బకెట్ ఆకుపచ్చది. పట్టుకునే కడ్డీ ఊడిపోతే కరెంటు వైరుతో కట్టుకుంది. పొద్దున నాలుగున్నరకి పంపు దగ్గర మొదటి బకెట్ ఆమెదే. కానీ ఆమె మొదట స్నానం చేసింది మేం ఎప్పుడూ చూళ్లేదు. నిద్ర లేవని ఫిఫ్త్ క్లాస్ పిల్లని లేపి ఆ నీళ్లు ఇచ్చేసి, మళ్లీ లైన్ చివరికి పోయేది. లేటొచ్చిందని గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టేది. ఎందుకు లేటైందో ఒక్కరోజు కూడా చెప్పలేదు. పీఈటీ మేడమ్, ఇవాళ మేం చెప్తున్నాం."

ఇది చదివినప్పుడు పీఈటీ మేడమ్ ఏం చేశారో నేను చెప్పను గానీ, చూడండి ఇందులో మంచిది అనే మాట ఎక్కడా లేదు, గొప్పది లేదు, దేవత అసలే లేదు. బకెట్ ఉంది, వైరు ఉంది, మూడు రౌండ్లు ఉన్నాయి. మిగతాది వినేవాళ్లే కలుపుకుంటారు.

ఇంకో రకం అక్కలుంటారు, అల్లరివాళ్లు, వీళ్ల పేజీ ఒక్క రాత్రికే నిండిపోద్ది. స్టడీ అవర్‌లో సోషల్ పుస్తకం నిలబెట్టి దాని వెనకాల నిద్రపోయి, లేచేసరికి బుగ్గ మీద దక్కన్ పీఠభూమి అచ్చు పడ్డ అక్క గురించి రాయడం తేలికే. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఆమె చేసిన పనిని ఎంతైనా ఆటపట్టించండి, ఆమె ఎట్లా ఉంటుందో దాని జోలికి పోవద్దు. రంగు, లావు, పొట్టి, పళ్లు, నత్తి, ఇవేవీ వద్దు. మా బ్యాచ్‌లో టైటిల్స్ ఇచ్చే పిచ్చి ఉండేది, తిండి బాగా తింటుందని ఒకమ్మాయికి మిస్ మెస్ అని ఇచ్చాం, హాలంతా పడీపడీ నవ్వింది, ఆమె కూడా నవ్వింది, చార్టు ముక్క మెడలో వేసుకుంది. గ్రూప్ ఫొటోకి మాత్రం రాలేదు. ఇప్పటికీ ఆ ఫొటో తీస్తే రెండో వరసలో ఖాళీయే ముందు కనపడుద్ది నాకు. ఆ టైటిల్ రాసిన చేతిరాత నాదే.

ఇక అసలు కష్టం ఎక్కడంటే, నోట్‌బుక్ తిరిగొచ్చాక నాలుగైదు పేజీలు తెల్లగానే ఉంటాయి. ఎవరితో గొడవ పడని, స్టేజీ ఎక్కని, ర్యాంకు రాని, ఫెయిల్ కూడా కాని అక్కలు. ఆ పేజీల్లో సైలెంట్ గర్ల్, గుడ్ గర్ల్ అని రాసి వదిలెయ్యకండి, అది మేం నిన్ను చూడలేదు అని మైకులో చెప్పడమే. రెండు రోజులు ఊరికే గమనించండి. మా దగ్గర ఇట్లాంటి ఒక పేజీ వంట అక్క వల్ల నిండింది: "ఆరేళ్లలో ఈ అక్క గొంతు పెద్దగా విన్నవాళ్లు లేరు. రాత్రి భోజనాలయ్యాక ప్లేట్లు కడిగే తొట్టి దగ్గర అందరూ వెళ్లేదాకా ఆగి, జాలీలో ఇరుక్కున్న మెతుకులు చేత్తో తీసేది. తొట్టిలో నీళ్లు నిలవవని మనందరికీ తెలుసు. ఎందుకు నిలవవో ఇవాళ తెలిసింది." నాలుగు వాక్యాలే, కానీ ఆ రోజు ఎక్కువ చప్పట్లు దీనికే పడ్డాయి.

ప్రేమతోనే అయినా స్టేజీ మీద చెప్పకూడనివి కొన్ని ఉంటాయి. మన పిల్లల ఇళ్ల సంగతి మీకు తెలిసిందే, ఒకరికి నాన్న లేడు, ఒకరి అమ్మానాన్నలు పాలమూరు నుంచి బొంబాయికో పుణెకో పనికి పోయి ఏడాదికి ఒకసారి వస్తారు, ఇంటివాళ్లు చూడ్డానికొచ్చే రెండో శనివారం గేటు దగ్గర ఎవరూ రాని అక్కలుంటారు, ఇంట్లో పెళ్లి చేసేస్తామంటే ఇక్కడే ఉండిపోయిన అక్కలూ ఉంటారు. "ఇన్ని కష్టాలు పడి కూడా" అని మొదలుపెట్టాలనిపిస్తుంది, వద్దు. అది చెప్పుకోవాలో వద్దో ఆమె ఇష్టం. రెండో శనివారం వేరేవాళ్ల అమ్మ తెచ్చిన సకినాలు ఆమె ఎట్లా పంచిందో రాయండి, గేటు దగ్గర ఎవరూ లేరని రాయక్కర్లేదు. అనుమానంగా ఉంటే ఆమె దగ్గరి ఫ్రెండ్‌కి ముందు చదివి వినిపించండి, ఫ్రెండ్ మొహం చూస్తే తెలిసిపోద్ది.

మాలావత్ పూర్ణని కూడా వదిలెయ్యండి దయచేసి. తాడ్వాయి గురుకులంలో చదివే అమ్మాయి 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, మనందరికీ గర్వమే, కానీ ప్రతి అక్కనీ "పూర్ణలాగా శిఖరాలు ఎక్కాలి" అని ముగిస్తే ఇది ఆ అక్క పేజీ ఎట్లా అవుద్ది? అట్లాగే 1971లో సర్వేల్‌లో మొదలైన గురుకులాల చరిత్ర ప్రిన్సిపాల్ మేడమ్ స్పీచ్‌లో ఎట్లాగూ వస్తుంది, మీరు మళ్లీ ఎత్తుకోవద్దు, టైమ్ లేదు.

టైమ్ లెక్క వేసుకోండి. రెండు సెక్షన్లు, ఎనభై మంది, మనిషికి నిమిషం అంటే గంటా ఇరవై నిమిషాలు, మధ్యలో డ్యాన్సులు, కేకు, ఏడుపులు. అందుకే అరనిమిషం, ఐదారు లైన్లు. ఇంగ్లిష్ మీడియం కదా అని ఇంగ్లిష్‌లో రాయకండి, తెలుగులోనే రాయండి, మాట్లాడుకున్నట్టే రాయండి, ఏడ్చేది తెలుగులోనే కదా. తండా నుంచి వచ్చిన అక్కలైతే వాళ్ల ఇంటి భాష మాట ఒకటి కలపండి, ఫోన్‌లో "యాడీ" అని ఆమె అమ్మని పిలిచే పిలుపు డార్మెట్రీ మొత్తానికి తెలుసు, ఆ ఒక్క మాటకి ఆమె తలెత్తి చూస్తుంది. కానీ సరిగ్గా పలకడం ఆమె ఫ్రెండ్ దగ్గర నేర్చుకుని చదవండి, వెక్కిరించినట్టు ఉండకూడదు.

చదివేవాళ్లు ఇద్దరు చాలు, గొంతు బాగున్నవాళ్లు కాదు, ఏడవకుండా చదవగలిగేవాళ్లు. ముందు పేరు చెప్పకండి, చివర్లో చెప్పండి, హాలంతా ముందే ఆ పేరు అరిచేస్తుంది, ఆ అరుపు కోసమే ఇదంతా.

చదివిన కాగితం తర్వాత కార్డు మీద రాసి ఇవ్వండి, బాల్ పెన్‌తో, స్కెచ్ పెన్ అయితే చెమట చేతికి అలుక్కుపోద్ది. చార్టు ముక్కని ట్రంకు పెట్టెలో అడుగున పరిచే సైజుకి కత్తిరించండి, నాది ఇప్పటికీ అట్లాగే ఉంది. కార్డు ఇచ్చేది టీచర్లు కాదు, ఆ అక్క జడ వేసిన చిన్నపిల్ల ఎవరో ఆమెతో ఇప్పించండి. ఫేర్‌వెల్ రోజు అన్నీ పూర్తి కాకపోతే మిగతావి పరీక్షల మధ్య రాయొచ్చు, కానీ సోషల్ పరీక్ష దాకా ఆగకండి. అది రాసొచ్చిన మధ్యాహ్నానికే గేటు బయట ఆటోలు వచ్చి ఉంటాయి, ట్రంకులు ఎక్కుతుంటాయి, సాయంత్రం టిఫిన్ గంటకి టెన్త్ డార్మెట్రీలో ఒక్క బకెట్ కూడా ఉండదు.