ఫోమ్ అంటించినా శబ్దం ఆగలేదా? హోమ్ థియేటర్ గదికి సమస్య - పరిష్కారం

ఖాళీ గదిని హోమ్ థియేటర్‌గా మార్చాలనుకునేవారు చాలామంది ముందుగా కొనేది ఫోమ్ పలకలు. అవి గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తాయి తప్ప శబ్దాన్ని బయటికి పోకుండా ఆపలేవు. ఆపడానికి కావలసింది బరువు, గాలి చొరబడని బిగింపు. కాబట్టి శబ్దం ఏ దారిన పోతోందో తెలిశాకే డబ్బు తీయండి.

సమస్య: సినిమాలో మాటలు పక్క గదిలో అర్థమయ్యేంత స్పష్టంగా వినిపిస్తున్నాయి.

కారణం: చాలావరకు సందులే. గోడ వైశాల్యంలో నూరో వంతు తెరిచి ఉన్నా చాలు, మిగతా గోడను ఎంత మందంగా కట్టినా శబ్దం 20 డెసిబెల్స్‌కు (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) మించి తగ్గదు. రాత్రి గదిలో లైటు వేసి, బయట చీకటి చేసి చూడండి. వెలుగు ఎక్కడ కనిపిస్తే అక్కడే మొదటి పని.

పరిష్కారం: తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, చట్రం చుట్టూ సీలు, ఏసీ పైపు దూరిన రంధ్రానికి ఎండినా సాగే గుణం పోని సీలెంట్ వాడండి. గట్టిపడే పుట్టీ కొన్నాళ్లకు పగులుతుంది. గోడకు రెండువైపులా ఒకేచోట స్విచ్‌బోర్డులుంటే ఒకదాన్ని జరిపించండి. తలుపును వేలితో కొట్టినప్పుడు డొల్లగా మోగితే, దానికి ఎన్ని పట్టీలు వేసినా ప్రయోజనం తక్కువ. నిండు చెక్క తలుపు పెట్టించాలి.

సమస్య: మాటలు ఆగాయి, బాస్ (గుమ్మని మోగే లోతైన శబ్దం) మాత్రం ఇల్లంతా అదురుతోంది.

కారణం: అసలు చిక్కు ఇదే. బాస్‌లోని 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాల) శబ్దతరంగం పొడవు దాదాపు ఎనిమిదిన్నర మీటర్లు. పలుచటి ఫోమ్‌కు అది లొంగదు, గోడనే కదిలిస్తుంది. బాస్ శబ్దం పలికే పెద్ద స్పీకరును, అంటే సబ్‌వూఫర్‌ను, తాత్కాలికంగా మందపాటి మెత్తటి దిమ్మె మీద పెట్టి చూడండి. కింది అంతస్తులో అదురు తగ్గితే కంపనం నేల గుండా పోతున్నట్టు. తగ్గకపోతే గాలి గుండా వెళ్లి గోడలను, పైకప్పును కదిలిస్తున్నట్టు.

పరిష్కారం: మొదటిదైతే సబ్‌వూఫర్ కింద కంపనాన్ని మింగే ప్యాడ్ చాలు. రెండోదైతే ఖర్చు తప్పదు. గోడ బరువును రెట్టింపు చేసినా లెక్క ప్రకారం దక్కేది సుమారు 6 డెసిబెల్స్ మాత్రమే. అందుకే పాత గోడకు తగలకుండా విడిగా ఒక చట్రం నిలబెట్టి, మధ్యలో రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పదార్థం) నింపి, పైన రెండు పొరల జిప్సం బోర్డు బిగిస్తారు. చట్రాన్ని పాత గోడకు కలిపే ఒక్క పొడవాటి స్క్రూ చాలు, కంపనం దాటిపోవడానికి; పనివాళ్లు బిగించేటప్పుడు దగ్గరుండండి. ఇప్పటికే లోపల డొల్లగా ఉన్న బోర్డు గోడకు ఇంకో చిన్న ఖాళీ వదిలి మూడో పొర కట్టకండి. బాస్ తగ్గకపోగా పెరగవచ్చు.

సమస్య: అన్నీ మూశాక గదిలో ఊపిరాడటం లేదు.

కారణం, పరిష్కారం: స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. లోపల మెత్తటి పొర వేసిన, ఒకటి రెండు మలుపులున్న వెడల్పాటి డక్ట్ (గాలి గొట్టం) ద్వారా గాలిని రప్పించాలి, అలాగే బయటికి పంపాలి. మలుపుల్లో ఆ పొర శబ్దాన్ని పీల్చుకుంటుంది. గోడలు కట్టకముందే దీన్ని ఆలోచించుకోవాలి.

సమస్య: లోపలే మాటలు ముద్దగా వినిపిస్తున్నాయి.

కారణం, పరిష్కారం: చప్పట్లు కొట్టండి. గింగురుమంటే ఎదురెదురు గోడల మధ్య శబ్దం తిరుగుతోంది. మీరు కూర్చున్న చోటి నుంచి చూస్తూ పక్క గోడపై అద్దాన్ని జరిపించండి. స్పీకరు కనిపించిన చోట 5 నుంచి 10 సెంటీమీటర్ల మందం పలక పెట్టండి. ఫోమ్‌కు పనిపడేది ఇక్కడే. అయితే ప్యాకింగ్‌కు వాడే ఫోమ్ మాత్రం వద్దు, నిప్పంటుకుంటే క్షణాల్లో విషపు పొగ కమ్మేస్తుంది.

బాస్ ఒక్క కుర్చీలోనే గుమ్మంటూ ఉంటే పలకలు కొనేముందు ఆ కుర్చీనో సబ్‌వూఫర్‌నో జరిపి చూడండి. ఖర్చు లేని పని.