షష్టిపూర్తిలో పాత క్యాసెట్ వేయబోయే ముందు

గుంటూరులో మా పెద్ద మామయ్య షష్టిపూర్తి. భోజనాలకు లేవబోయే ముందు ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెర మీద 2004 కృష్ణా పుష్కరాల వీడియో వేశారు. సీతానగరం ఘాట్‌లో అమ్మమ్మ మూడు మునకలు వేసి, తడి కొంగు భుజాన కప్పుకుని మెట్లెక్కుతోంది. మా అమ్మ కాసేపు చూసి, "అమ్మ ఇంత లావుగా ఎప్పుడుందిరా?" అంది. నిజమే, అమ్మమ్మ బక్కపల్చని మనిషి. తెర నిండుగా కనిపించాలని స్టూడియోలో బొమ్మను అడ్డంగా లాగేశారు. ఆవిడ పోయాక పుట్టిన పిల్లలు ఇంట్లో నలుగురున్నారు. వాళ్ళు ముత్తమ్మమ్మను కదులుతుండగా చూడటం అదే మొదలు, అదీ ఆవిడది కాని ముఖంతో.

అప్పటి నుంచి చుట్టాల ఇళ్ళలోని క్యాసెట్లు నేనే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. మీ ఇంట్లో కూడా షష్టిపూర్తికో, పెళ్ళిరోజుకో పాత క్యాసెట్ బయటికి తీయబోతుంటే ఈ నాలుగు మాటలు చదివి మొదలుపెట్టండి.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. సాగిన బొమ్మను మళ్ళీ దగ్గరికి లాగొచ్చు, కోసేసిన బొమ్మను తేలేం. పాత క్యామ్‌కార్డర్ బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3, ఇప్పటి టీవీది 16:9. అడ్డంగా లాగితే మనుషులు మూడో వంతు లావవుతారు, అంతే. దాన్ని ఎప్పుడైనా సరిచేసుకోవచ్చు. అలా కాకుండా "ఫుల్ స్క్రీన్ చేసిస్తాం" అంటూ పైనా కిందా కత్తిరిస్తే బొమ్మలో నాలుగో వంతు పోతుంది. పైన తలపాగాలు, కింద పీటల మీది కాళ్ళు, కొన్నిసార్లు క్యామ్‌కార్డర్ వేసిన తేదీ కూడా. అందుకని స్టూడియోకి ఇచ్చేటప్పుడు ఒకే మాట గట్టిగా చెప్పండి: "క్యాసెట్‌లో ఎలా ఉందో అలాగే మొదటి కాపీ కావాలి, ఏమీ సరిచేయొద్దు." సరిచేసేది ఏదైనా ఆ కాపీకి నకలు తీసి, నకలు మీద చేయాలి. అసలు క్యాసెట్‌ను మాత్రం, ఎక్కించేశాం కదా అని పారేయకండి. మా అమ్మమ్మ వీడియో మళ్ళీ సరిగ్గా తీయగలిగానంటే, ఆ క్యాసెట్ ఇంకా బీరువాలోనే ఉండబట్టి.

క్యాసెట్ విషయం చూద్దాం. మినీడీవీ, హై8 అనే చిన్న క్యామ్‌కార్డర్ క్యాసెట్లకు అంచున చిన్న జారుడు మీట ఉంటుంది. దాన్ని సేవ్ వైపు జరిపాకే యంత్రంలో పెట్టండి. పొరపాటున రికార్డ్ బటన్ నొక్కితే పాతది చెరిగిపోతుంది. విజయవాడ, గుంటూరు వానాకాలపు తేమలో మరో ప్రమాదముంది. ఏసీ గదిలో చల్లబడిన క్యామ్‌కార్డర్‌ను ఉక్కపోత గదిలోకి తెస్తే లోపల టేపు చుట్టుకుని తిరిగే డ్రమ్ముకు నీటి చెమ్మ పడుతుంది, టేపు దానికి అతుక్కుంటుంది. నీటిచుక్క గుర్తు కనిపిస్తే క్యాసెట్ తీసేసి, మూత తెరిచి గంటసేపు అలా వదిలేయండి. టేపు చుట్ట అంచున తెల్లటి పొడిలాంటిది కనిపిస్తే అది బూజు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు తడిసిన అట్టపెట్టెల్లో ఇలాంటివి ఇంకా ఉండే ఉంటాయి. వాటిని ఇంట్లో యంత్రంలో పెట్టకండి. టేపును చదివే హెడ్‌కి బూజు అంటితే ఆ తర్వాత పెట్టే మంచి క్యాసెట్లు కూడా పాడవుతాయి. కరెంటు పోతే టేపు లోపలే ఇరుక్కుంటుంది కాబట్టి యూపీఎస్ మీద నడపండి.

ఇక అసలు సంగతి, కెమెరా ఏ దేశంలో కొన్నది? మన తెలుగు ఇళ్ళలో ఈ ప్రశ్న తప్పదు. ఇక్కడ కొన్నదైతే పాల్ (PAL) అనే వీడియో పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికా నుంచి అన్నయ్యో బాబాయో తెచ్చినదైతే అక్కడి ఎన్‌టీఎస్‌సీ (NTSC) పద్ధతి, సెకనుకు 29.97 ఫ్రేములు. మా పుష్కరాల క్యాసెట్ రెండోదే, చిన్న మామయ్య అమెరికా నుంచి తెచ్చిన హ్యాండీక్యామ్‌లో తీసింది. టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించే క్యాప్చర్ సాఫ్ట్‌వేర్‌లో ఒకదానికి బదులు ఇంకోటి పెడితే రంగులు పోయి నలుపు తెలుపు అవుతుంది, లేదా బొమ్మ పైకీ కిందికీ పాకుతుంది. అప్పుడు టేపు పాడైందని నిర్ణయించేయకుండా ముందు ఈ సెట్టింగ్ మార్చి చూడండి.

డిజిటల్ బొమ్మలో పాల్ అయితే 720 చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు, 576 ఎత్తు. ఎన్‌టీఎస్‌సీ మినీడీవీ అయితే అదే 720 వెడల్పు, ఎత్తు 480. భాగించి చూస్తే మొదటిది 1.25, రెండోది 1.5. కానీ రెండూ తెర మీద 4:3, అంటే సుమారు 1.33 కావాలి. ఇదెలా కుదురుతుందంటే, ఆ కాలపు వీడియోలో చుక్కలు చదరంగా ఉండవు. పాల్ చుక్క కాస్త వెడల్పు, ఎన్‌టీఎస్‌సీ చుక్క కాస్త సన్నం. మన కంప్యూటర్ తెర చుక్కలేమో చదరం. ఏ నిష్పత్తిలో చూపించాలో ఫైల్‌లో చీటీలా రాసి ఉంటుంది. ఆ చీటీ పోయినా, ప్లేయర్ దాన్ని చదవకపోయినా ఇక్కడ తీసిన క్యాసెట్‌లో మనుషులు ఆరు శాతం సన్నబడతారు, అమెరికా క్యామ్‌కార్డర్‌ది అయితే పన్నెండున్నర శాతం లావవుతారు. ఆరు శాతం తేడా చాలామంది కంటికి ఆనదు, అందుకే అది ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది.

క్యామ్‌కార్డర్‌లో వైడ్ బటన్ నొక్కి తీసినదైతే ఇంకో చిక్కు. కొన్ని కెమెరాలు 16:9 బొమ్మను అదే 720 చుక్కల్లోకి నొక్కి దాస్తాయి. చీటీ లేకపోతే పెళ్ళికొడుకు వెదురుబొంగులా కనిపిస్తాడు. మరికొన్ని పైనా కిందా నల్లపట్టీలు కలిపే రికార్డ్ చేస్తాయి, అవి 4:3 కిందే లెక్క. ఒకే క్యాసెట్‌లో సగం వైడ్, సగం మామూలు ఉండటం కూడా చూశాను, పెళ్ళి మధ్యలో ఎవరో బటన్ నొక్కేశారు. మొత్తాన్ని ఒకే ఫైల్‌గా మార్చితే సాఫ్ట్‌వేర్ మొదటి ముక్క నిష్పత్తినే అన్నిటికీ రుద్దొచ్చు. అందుకని ముక్కలుగా విడగొట్టి, దేనికది చూసి పెట్టండి.

మినీడీవీకి ఫైర్‌వైర్ (క్యామ్‌కార్డర్‌ను కంప్యూటర్‌కి కలిపే డిజిటల్ కేబుల్) దొరికితే దాన్నే వాడండి, టేపు మీది అంకెలు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. గంట క్యాసెట్‌కి సుమారు 13 జీబీ పడుతుంది. ఫ్యాట్‌32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోండి. ఏవీ కేబుల్‌తో తీయాల్సి వస్తే క్యామ్‌కార్డర్ మెనూలో టీవీ టైప్ చూడండి. వైడ్‌లో తీసినదానికి అక్కడ 16:9 పెట్టాలి. 4:3 ఉంటే కెమెరాయే నల్లపట్టీలు వేసి, గీతలు తగ్గించి పంపుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో తేల్చడానికి బొమ్మలో గుండ్రటి వస్తువు వెతకండి. గోడ గడియారం, పక్క నుంచి కనిపించే కారు చక్రం, నిలబెట్టిన పళ్ళెం. ఎదురుగా కనిపించేదే పనికొస్తుంది, పక్కకు వాలినది మోసం చేస్తుంది. వీడియో ఆపి తెర మీద స్కేలు పెట్టి అడ్డం, నిలువు కొలవండి. రెండూ సమానమైతే సరే. ఈ కొలత కంప్యూటర్ మీదే చేయండి. టీవీలో జూమో వైడో పెట్టి ఉంటే మంచి ఫైల్‌ కూడా తప్పుగా కనిపిస్తుంది, మనం దాన్ని చెడగొట్టి కూర్చుంటాం. వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియో మెనూలో యాస్పెక్ట్ రేషియో 4:3 పెట్టి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. గుండ్రటిది ఏదీ దొరక్కపోతే, ఆ మనిషితో కలిసి బతికినవాళ్ళకి చూపించండి. మా అమ్మ స్కేలు లేకుండానే పట్టేసింది.

సరిచేసేటప్పుడు ముందు చీటీ మాత్రమే మార్చే దారి చూడండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (FFmpeg) అనే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మను తాకకుండానే అది కుదురుతుంది. చుక్కలనే మార్చక తప్పకపోతే ఇంటర్‌లేస్ (గీతలను రెండు విడతలుగా నింపే పద్ధతి) తీసేశాకే ఎత్తు పెంచండి. ఆ బొమ్మలో బేసి గీతలు ఒక క్షణానివి, సరి గీతలు మరో క్షణానివి. అవి విడదీయకుండా ఎత్తు పెంచితే కదిలే చేతులు దువ్వెన పళ్ళలా చీలతాయి, ఆ మచ్చ ఇక పోదు. వీహెచ్‌ఎస్, హై8 బొమ్మల అడుగున మినుకుమినుకుమనే పట్టీ ఉంటుంది. దాన్ని కోసి మిగతాది సాగదీయకండి, దాని మీద నల్లరంగు వేస్తే చాలు.

ఫంక్షన్ హాలుకి ఇచ్చే కాపీ వేరే చేసుకోండి. 1920×1080 ఫైల్‌లో నడుమ 1440 వెడల్పున బొమ్మ, రెండు పక్కలా 240 చొప్పున నలుపు ఫైల్‌లోనే కలిసిపోవాలి. అప్పుడు 16:9 తెర ఏదైనా నిండుతుంది, బొమ్మ మాత్రం చెదరదు. కానీ ఎల్‌ఈడీ తెరలన్నీ 16:9 ఉండవు. పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు తెర అంటే 3:2. ఆపరేటర్ మన బొమ్మను దానికి సరిపడా నొక్కేస్తాడు. కొలతలు ముందే అడిగి, ఆ కొలతకి నలుపు పట్టీలు వేసి ఇవ్వండి. ముందు రోజు సాయంత్రం, మండపానికి పూలు కడుతున్నప్పుడే అక్కడి తెర మీద రెండు నిమిషాలు వేయించి చూసుకోండి. మర్నాడు భజంత్రీలు మొదలయ్యాక ఆపరేటర్‌కి మన మాట వినపడదు.