గద్వాల కోట ఎదుట కూర్చుని కుర్లాండ్ చరిత్ర చదవడం ఎలా

ముప్పై ఏళ్లు గద్వాల చుట్టుపక్కల బడుల్లో సోషల్ చెప్పాను. నా దగ్గర చదివిన అయిజ పిల్లాడు ఒకడు ఇంజనీరింగ్‌కని లాట్వియా వెళ్లాడు. ఒక ఆదివారం ఫోన్ చేశాడు. "సార్, యెల్గవా అనే ఊరికి వచ్చినం. ఏటి నడుమ పెద్ద ప్యాలెస్ ఉంది. లోపల యూనివర్సిటీ నడుస్తోంది, కింద రాజుల సమాధులున్నయి. వీళ్లెవరు సార్?"

గద్వాల కోటలో డిగ్రీ కాలేజీని, వనపర్తి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్‌ను చూసి పెరిగిన పిల్లాడు అడగాల్సిన ప్రశ్నే అది. ఆ రాజులు కుర్లాండ్ డ్యూకులు. కుర్లాండ్ అంటే ఇప్పటి లాట్వియాలో ఒకప్పుడున్న చిన్న రాజ్యం, డ్యూక్ అంటే దాని పాలకుడి బిరుదు. 1561 నుంచి 1795 దాకా పోలండ్ రాజుకు సామంతులు. వాళ్ల చరిత్ర చదవాలనుకునే మన పిల్లలకు నేను చెప్పే పద్ధతి ఇది.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. మొదటి పేజీ ఊర్ల పేర్లకే వదలండి. పాత పుస్తకాల్లో జర్మన్ పేర్లుంటాయి, ఇప్పటి మ్యాపులో లాట్వియన్ పేర్లుంటాయి. మితావ్ అంటే యెల్గవా, గోల్డింగెన్ అంటే కుల్దీగా, విందావ్ అంటే వెంట్స్‌పిల్స్, లిబావ్ అంటే లియెపాయా. మహబూబ్‌నగర్ అన్నా పాలమూరు అన్నా ఒకటేనని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు, అక్కడివి మాత్రం రాసుకోవాలి. దౌగవా నదికి దక్షిణాన, పడమట బాల్టిక్ సముద్రం దాకా ఉన్న నేల ఇది. తేదీలతో కూడా జాగ్రత్త. పోలండ్ 1582లోనే కొత్త క్యాలెండర్‌కు మారింది, రష్యా 1918 దాకా మారలేదు. ఒకే సంఘటనకు పది, పదకొండు రోజుల తేడాతో రెండు తేదీలు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ రాయండి.

తర్వాతి పేజీల్లో నాలుగు గడులు గీయండి: ఏడాది, డ్యూక్ పేరు, కాగితం మీద ఏలిక, నిజంగా మాట చెల్లే ఏలిక. మూడో గడికీ నాలుగో గడికీ తేడా ఎందుకో మన దగ్గరే తెలుస్తుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలు పేష్కష్, అంటే కప్పం, కట్టింది నిజాంకు. ఆ నిజాం మీదే హైదరాబాద్‌లో కూర్చున్న బ్రిటిష్ రెసిడెంట్ కన్ను ఉండేది. సామంత రాజ్యం ఎక్కడిదైనా ముందు ఈ రెండు పేర్లు పట్టుకోండి.

మొదటి వరుస 1561. అంతకుముందు ఆ నేలను లివోనియన్ ఆర్డర్ అనే జర్మన్ సన్యాసి యోధుల సంఘం ఏలేది. 1558లో రష్యా జార్ నాలుగో ఇవాన్ సైన్యం మీద పడింది. ఆర్డర్ చివరి అధిపతి గోథార్డ్ కెట్లర్ ఇక నిలవలేక 1561 నవంబర్ 28న విల్నియస్‌లో పోలండ్ రాజు సిగిస్మండ్ ఆగస్టస్‌తో ఒప్పందం చేసుకున్నాడు. సన్యాసం వదిలాడు, డ్యూక్ అయ్యాడు. లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవ) మతం, జర్మన్ చట్టం, భూస్వాముల హక్కులు కాపాడతానని రాజు మాటిచ్చాడు. ఈ ఒప్పందాన్ని మూడుసార్లు చదవండి. నేను మొదటిసారి పిల్లలకు చెప్పినప్పుడు ఇది దాటేసి నేరుగా ఓడల కథతో మొదలుపెట్టాను. వాళ్లకు ఓడలు గుర్తున్నాయి, రాజ్యం ఎందుకు పుట్టిందో, ఎందుకు పోయిందో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఆ తప్పు నాది.

రెండో మలుపు 1617. గోథార్డ్ కొడుకులు ఫ్రీడ్రిక్, విల్హెల్మ్ రాజ్యాన్ని పంచుకున్నారు. విల్హెల్మ్‌కు భూస్వాములతో పడలేదు. 1615లో వాళ్ల నాయకులైన నోల్డే సోదరుల హత్య జరిగింది, మరుసటి ఏడాది అతని పదవి పోయింది. 1617లో వచ్చిన పాలనా పత్రం డ్యూక్ చేతులు కట్టేసింది. నలుగురు పెద్ద సలహాదారులు లేనిదే పాలన లేదు, భూస్వామికి కోపమొస్తే డ్యూక్‌ను దాటి పోలండ్ రాజు దగ్గరికే వెళ్లవచ్చు. సంస్థానాలతో పోలిక ఇక్కడ ఆపేయండి. ఈ పత్రాన్ని దాని లెక్కనే చదవాలి.

ఇప్పుడు ఓడలు. డ్యూక్ యాకబ్ 1642 నుంచి 1682 మొదలు దాకా ఏలాడు. విందావ్‌లో ఓడలు కట్టించాడు, ఇనుప కార్ఖానాలు, ఫిరంగుల పోతలు పెట్టించాడు. 1651లో ఆఫ్రికాలో గాంబియా నది మధ్య దీవిలో కోట, 1654లో కరీబియన్‌లో టొబాగో మీద స్థావరం. టొబాగోలో గ్రేట్ కుర్లాండ్ బే అనే పేరు ఇప్పటికీ ఉంది. ఇంత చిన్న రాజ్యం అంత దూరం వెళ్లిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయినా నాలుగో గడి మర్చిపోకండి. స్వీడన్, పోలండ్ కొట్టుకుంటుంటే తాను ఎవరి పక్షమూ కాదన్నాడు యాకబ్. 1658లో స్వీడన్ సైన్యం మితావ్‌లోకి వచ్చి అతన్నే పట్టుకుపోయింది. 1660లో ఒలీవా సంధి అయ్యాకే విడుదల. ఆలోపే టొబాగో డచ్చివాళ్ల పాలైంది, 1661లో గాంబియా కోట ఇంగ్లీషువాళ్లకు పోయింది. ఏలిక బలంగా లేనప్పుడు సామంతుడు చెప్పే తటస్థత ఎవరి చెవికీ ఎక్కదు.

1710 తర్వాత నాలుగో గడిలో రష్యా అని రాయడం మొదలుపెట్టండి. ఆ ఏడాది డ్యూక్ ఫ్రీడ్రిక్ విల్హెల్మ్‌కు రష్యా పాలకుడు పీటర్ అన్న కూతురు అన్నాతో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పెళ్లయింది. 1711 జనవరిలో తిరుగు ప్రయాణంలోనే పెళ్లికొడుకు చనిపోయాడు. పద్దెనిమిది కూడా నిండని ఆ పిల్ల ఏళ్ల తరబడి మితావ్‌లో వితంతువుగా బతికింది. ఆమె బాధ గురించి రాజకీయ చరిత్రలు తక్కువ మాట్లాడతాయి, మీరు ఆగి ఆలోచించండి. 1730లో ఆమే రష్యా మహారాణి అయింది. 1737లో కెట్లర్ వంశం ఆగిపోగానే ఆమెకు ఇష్టుడైన బిరాన్‌ను డ్యూక్‌గా ఎన్నుకున్నారు. ఎన్నిక కుర్లాండ్‌ది, ఆమోదం పోలండ్‌ది, మాట రష్యాది. అయిజ పిల్లాడు చూసిన ప్యాలెస్ ఈ బిరాన్ కట్టించిందే, వాస్తుశిల్పి రాస్ట్రెల్లి. 1795లో పోలండ్ మూడో పంపకం (పొరుగు రాజ్యాలు పోలండ్‌ను మూడోసారి పంచుకోవడం) నాటికి రెండు గడులూ ఒకటయ్యాయి. చివరి డ్యూక్ పీటర్ బిరాన్ రాజ్యాన్ని రష్యాకు అప్పగించాడు.

చాలామంది నోట్‌బుక్ అక్కడ మూసేస్తారు. మీరు మూయకండి. ఐదో గడి ఒకటి గీయండి, పొలం దున్నిందెవరు అని. డ్యూకులు, భూస్వాములు జర్మన్ మాట్లాడేవారు, దున్నినవాళ్లు లాట్వియన్లు, భూమికి కట్టుబడిన వెట్టి రైతులు. 1617 పత్రంలో హక్కులు దొరికింది వాళ్లకు కాదు. ఆ గడిలో 1795 దగ్గర "మార్పు లేదు" అని రాసి, దాని కింద 1817 వేయండి. కుర్లాండ్‌లో వెట్టి రద్దయింది ఆ ఏడాది, భూమి మాత్రం ఇవ్వలేదు. ఎదురు పేజీలో మన హైదరాబాద్ రాష్ట్రంవి రాయండి: 1949 జాగీర్ల రద్దు, 1950 కౌలుదారీ చట్టం. తర్వాత మీ ఊళ్లో పెద్ద వయసు రైతు ఎవరైనా ఉంటే, ఆ చట్టంతో వాళ్లింటికి ఎన్ని ఎకరాలు వచ్చాయో అడిగి అక్కడే రాసుకోండి.