ఎండలు ముదరకముందే హ్యాండిల్ టేప్ విప్పి చూడండి

మొన్న శ్రీశైలం దారిలో, దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగే మలుపుల్లో, మహబూబ్‌నగర్ కుర్రాడొకడి సైకిల్ హ్యాండిల్‌బార్ బ్రేక్ లీవర్ పక్కన పుటుక్కున విరిగింది. భుజం ఎముక విరిగినా ప్రాణం దక్కింది. తర్వాత ఆ సైకిల్ చూశాను. పైన మెత్తటి కొత్త టేప్, మంచి ఖరీదుదే. దాని కింద పాత టేప్. ఆ కింద తెల్లటి పొడి పట్టి, గుంటలు పడ్డ అల్యూమినియం.

హెల్మెట్, నీళ్లు, ఓఆర్ఎస్ సంగతి అందరూ చెప్పేదే, వదిలేస్తున్నా.

ఏ టేప్ కొనాలి?

సాగర్ దాకానో శ్రీశైలం దాకానో వెళ్లేవాళ్లకు 2.5 నుంచి 3 మిల్లీమీటర్ల మందం చాలు. చిన్న చేతులవాళ్లకు ఇంకా పలచనిదే మేలు. బార్ లావైతే పట్టు కుదరదు, ముంజేతులు త్వరగా అలసిపోతాయి. కార్క్ కలిపిన ఫోమ్ అరచేతికి హాయిగా ఉంటుంది కానీ చెమట పీలుస్తుంది. మన ఎండలకు సన్నటి రంధ్రాలున్న పాలీయురిథేన్ టేప్ నాకు నచ్చుతుంది, తడి చేతికీ జారదు. బ్యాడ్మింటన్ గ్రిప్ చవకే, కానీ ఒక వైపు చుట్టడానికే పొడవు చాలదు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయా? అరచేతి అడుగున, మణికట్టు దగ్గర నరం నలుగుతోందన్నమాట. మందం టేప్ కొనేముందు సీటు ముక్కు కిందికి వంగి ఉందేమో చూసుకోండి. వంగితే ఒంటి బరువంతా చేతుల మీద పడుతుంది, దానికి ఏ టేపూ మందు కాదు.

అసలు తప్పు

మెత్తగా ఉంటుందని పాత టేప్ మీదే కొత్తది చుట్టేస్తారు. పాత టేప్ మీద కొత్త టేప్ చుట్టకండి. చెమట పొరల్లోంచి దిగి బార్‌ను చేరుతుంది, ఇక ఆరదు. అందులోని ఉప్పు అల్యూమినియం పైపొరను తినేసి గుంటలు చేస్తుంది. గతుకులో పడ్డ ప్రతిసారీ ఆ గుంటలోంచి పగులు కొంచెం కొంచెం పాకుతుంది. చేతికి ఏమీ తెలియదు, ఒకరోజు విరుగుతుంది. లీవర్ పట్టీ కింద, కేబుళ్లు పోయే గాడి వెంట, స్టెమ్ (బార్‌ను మధ్యలో పట్టి ఉంచే ముక్క) పక్కన ఎక్కువగా చూడాలి.

వేసవిలో మన్ననూరు చెక్‌పోస్టు ఉదయం ఆరుకు గానీ తెరవరు కాబట్టి, అడవి దారిలో ఎండ తప్పదు, చెమటా తప్పదు. అందుకే ఇప్పుడే, వెళ్లేముందు:

టేప్ మొత్తం విప్పండి. లీవర్ రబ్బరు మడిచి దాని కింద కూడా చూడండి.

తెల్ల పొడి తడిగుడ్డతో తుడవండి. గుంట కనిపిస్తే బార్ మార్చండి. ఎమరీ పేపర్‌తో రుద్ది నున్నగా చేసి వాడకండి, గుంట లోతు అలాగే ఉంటుంది.

పడిపోయిన సైకిల్ బార్ వంగితే సరిచేయించకండి. మార్చండి.

కొత్త టేప్ కింది చివర నుంచి స్టెమ్ వైపు చుట్టండి. పై నుంచి మొదలుపెడితే చేతుల ఒత్తిడికి అంచులు లేస్తాయి. ప్రతి చుట్టూ ముందుదాని మీదకు మూడో వంతైనా ఎక్కాలి.

చివర్ల ప్లగ్‌లు పెట్టండి. మీరు పడినప్పుడు ఖాళీ గొట్టం ఒంట్లో దిగుతుంది.

ప్రయాణం ముందురోజు రాత్రి టేప్ చుట్టకండి. కనీసం ఒక చిన్న రైడ్ చేసి చూడండి.

కార్బన్ బార్ అయితే బోల్టులు దాని మీద రాసిన టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించండి.

ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు) మీద తొక్కేవాళ్లు బార్ మీద తువ్వాలు కప్పండి. అక్కడ గాలి లేదు, చెమటంతా బార్ మీదికే.

బార్ కిర్రుమంటోందా? నూనె వేయకండి, విప్పి చూడండి.

మళ్లీ చెబుతున్నా: పాత టేప్ మీద కొత్త టేప్ చుట్టకండి. షాపులో "అన్నా, తీయడమెందుకు, మీదేసేద్దాం" అంటే వద్దనండి.

సెకండ్ హ్యాండ్ సైకిల్ కొంటుంటే, టేప్ విప్పనివ్వనివాడి దగ్గర కొనకండి.