చేతిపని చేసేవాళ్లు ఏఐని ఎట్లా చూడాలి, ఎట్లా వాడుకోవాలి

"ఏఐ వస్తే మన పని ఉంటదా, పోతదా అన్నా?" నల్గొండలో మోటార్ షాపులో పనిచేసే పిల్లగాడి నుంచి దేవరకొండలో డీటీపీ సెంటర్ నడిపే అక్క దాకా ఇప్పుడు అందరూ ఇదే అడుగుతున్నారు. ఉంటుంది అనో పోతుంది అనో ఒక్క మాటలో తేల్చేసేవాళ్లను నమ్మకండి. పని మొత్తంగా పోదు, ముక్కలుగా పోతుంది. కాబట్టి ముందు మీ పనిని మీరే ముక్కలు చేసి చూసుకోవాలి. ఏ ముక్క ఫోన్‌లోని ఏఐకి వదిలేయొచ్చు, ఏ ముక్క మన చేతిలోనే గట్టిగా పట్టుకోవాలి అన్నది తేల్చుకోవాలి. నాకు తెలిసింది కాలిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టి బాగుచేసే పని, దాంతోనే చెప్తాను. మీది టైలరింగ్ అయినా, మేస్త్రీ పని అయినా ఇదే పద్ధతి.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

ఒక వారం పాటు షాపు మూసే ముందు ఆ రోజు చేసిన పనులన్నీ రాయండి. "వైండింగ్ చేసిన" అని రాస్తే లాభం లేదు, విడగొట్టి రాయాలి. బోరులోంచి మోటార్ తీసిన, విప్పిన, కాలిన కాయిల్ చూసిన, చుట్లు లెక్కపెట్టిన, తీగ గేజ్ కొలిచిన, స్లాట్లు శుభ్రం చేసిన, కొత్త తీగ ఎక్కించిన, కనెక్షన్ ఇచ్చిన, మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసిన, మళ్లీ బోరులో దింపిన. వీటి కిందనే ఇంకో రకం పనులు కూడా వస్తాయి: రైతుకు ఖర్చు ఎంతయితదో ఫోన్‌లో చెప్పిన, బిల్లు రాసిన, రాగి తీగ రేటు కనుక్కున్న, బాకీ గుర్తుచేసిన, మోటార్ వేగం మార్చే కొత్త డ్రైవ్ తాలూకు మాన్యువల్ అర్థం కాక పక్కన పెట్టిన.

ఇప్పుడు ఒక్కో లైను పక్కన గుర్తు పెట్టండి. కుర్చీలో కూర్చుని, ఫోన్ పట్టుకుని, మాటలతో అంకెలతో అయిపోయే పని అయితే ఒక గుర్తు. మనిషి అక్కడికి పోయి, చూసి, విని, ముట్టుకుంటే తప్ప కాని పని అయితే ఇంకో గుర్తు. మొదటి గుర్తు పడ్డవన్నీ ఏఐ ఇప్పుడే చేయగలదు, లేదా తొందర్లోనే చేస్తుంది. రెండో గుర్తు పడ్డవి మీ దగ్గరే ఉంటాయి, చాలా కాలం ఉంటాయి.

ఇది ధైర్యానికి చెప్పే మాట కాదు. హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త 1988లోనే రాశాడు, తెలివితేటల పరీక్షల్లో కంప్యూటర్‌ను పెద్దవాళ్ల స్థాయికి తేవడం తేలికేగానీ, ఏడాది పాపకు ఉండే చూపు, కదలిక దానికి నేర్పడం చాలా కష్టమని. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది, అప్పటినుంచి రాసే పనులు ఎంత మారాయో చూస్తూనే ఉన్నాం. బురదలో నిలబడి నీళ్లు కారుతున్న పైపు జాయింటు విప్పే రోబో మాత్రం ఏ ఊళ్లోనూ కనపడలేదు. ఏఐ పునాదులు వేసినవాళ్లలో ఒకడు, 2024లో ఫిజిక్స్ నోబెల్ తీసుకున్న జెఫ్రీ హింటన్ కూడా ప్లంబర్ పని నేర్చుకోమంటున్నాడు. ఇదే హింటన్ 2016లో, ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే రేడియాలజిస్టులకు ఇక ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయండి, అయిదేళ్లలో కంప్యూటర్ వాళ్లను మించిపోతుంది అన్నాడు. ఆ అయిదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి, రేడియాలజిస్టుల అవసరం ఇప్పటికీ తీరలేదు. అంత పెద్దాయన లెక్కే తప్పింది కాబట్టి, ఫలానా ఏడాదికి ఫలానా పని ఖతం అని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లను చూసి టెన్షన్ పడకండి. అట్లాగని నిద్రపోవద్దు కూడా.

మన జిల్లాల్లో మిషన్లు ఇంతకుముందూ వచ్చాయి

ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రం సంగతి మీకు తెలిసే ఉంటుంది. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి చుట్టడమే ఆసు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి, వాళ్ల అమ్మకు భుజాలు పట్టేసేవి, ఆ బాధ చూడలేకే ఆయన మిషన్ చేశాడు. 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ మిషన్ తీసేసింది నొప్పి ఉన్న ముక్కను. మగ్గం మీద నేత అట్లాగే ఉంది, చీర అట్లాగే ఉంది. ఇది మంచి దారి.

ఇంకో దారి మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో చూడొచ్చు. సార్టెక్స్ మిషన్‌లో బియ్యం జారుతుంటే కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది, రంగు మారినదాన్ని గాలితో ఊది బయటకు కొడుతుంది. చేటలో పోసుకుని ఏరే చెయ్యి ఆ వేగానికి ఎక్కడ సరిపోతుంది? ఆ మిషన్ సెట్టింగ్ చేయడం, గాలి నాజిళ్లు శుభ్రం చేయడం, పాడైతే బాగుచేయడం కొత్త పనులే, కాదనను. కానీ అవి ఏరే పని చేసిన అక్కకు దక్కాలంటే ఎవరో ఒకరు కూర్చోబెట్టి నేర్పాలి, ఊరికే దక్కవు. కొత్త ఉద్యోగాలు వస్తాయి కదా అని పెద్దవాళ్లు చెప్పినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. వరల్డ్ ఎకనామిక్ ఫోరం 2025 రిపోర్టు ప్రకారం 2030 నాటికి ప్రపంచంలో 9.2 కోట్ల ఉద్యోగాలు పోయి 17 కోట్లు కొత్తగా వస్తాయట. మంచిదే. పోయినవాడికే కొత్తది వస్తుందని మాత్రం ఆ లెక్కలో లేదు.

ఫోన్‌కు ఏం ఇవ్వాలి, ఎట్లా అడగాలి

మొదటి గుర్తు పెట్టిన పనులు తీసుకోండి. ఇంగ్లీష్ రాదని భయం అక్కర్లేదు, ఫోన్‌లో చాట్‌జీపీటీ లాంటి ఏఐ యాప్ తెరిచి, మైకు నొక్కి మన మాటల్లోనే తెలుగులో చెప్తే చాలావరకు అర్థం చేసుకుంటుంది. అడగడంలోనే ఉంది కిటుకంతా. "మోటార్ రిపేర్ కొటేషన్ రాయి" అంటే అది తనకు తోచిన రేట్లు వేసి ఇస్తుంది, మీరు చూసుకోకుండా పంపిస్తే రైతు ముందు మాట పోతుంది. ఇట్లా అడగండి: "నాది మోటార్ వైండింగ్ షాపు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటార్ కాలిపోయింది. రైతుకు వాట్సాప్‌లో పంపడానికి తెలుగులో కొటేషన్ రాయి. తీగ, బుష్షులు, లేబర్, బోరులోంచి తీసి దింపే ఖర్చు వేరువేరు లైన్లలో ఉండాలి. నేను చెప్పని రేటు నువ్వు వేయొద్దు, ఖాళీ వదిలెయ్." చివరి మాట తప్పకుండా చెప్పాలి. తెలియనిది ఖాళీగా వదలమని చెప్పకపోతే అది ఊహించి నింపేస్తుంది, అదీ ఎంతో నమ్మకంగా.

సోలార్ పంపు కంట్రోలర్లు, డ్రైవ్‌లు వచ్చాక స్క్రీన్ మీద ఎర్రర్ కోడ్ పడితే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. స్క్రీన్‌ను, నేమ్‌ప్లేట్‌ను ఫొటో తీసి, మాన్యువల్ పీడీఎఫ్ కూడా ఇచ్చి, "ఈ కోడ్ గురించి మాన్యువల్‌లో ఏ పేజీలో ఉందో చెప్పు, అక్కడ ఉన్నది తెలుగులో చెప్పు" అనండి. పేజీ నంబర్ అడిగితే మీరు తిప్పి చూసుకోవచ్చు. ఆ పేజీలో ఆ మాట లేకపోతే, అది చెప్పింది పక్కన పెట్టేయండి. కస్టమర్ల ఆధార్, పాస్‌బుక్, ఫోన్ నంబర్ల ఫొటోలు మాత్రం దానికి ఎక్కించకండి, అవి మనవి కావు.

ఎక్కడ నమ్మొద్దు

ఫలానా హెచ్‌పీ మోటార్‌కు ఎన్ని చుట్లు, ఏ గేజ్ అని ఏఐని అడిగి తీగ ఎక్కించకండి. స్లాట్లు ఎన్ని, కోర్ పొడవెంత అన్నదాన్ని బట్టి అది మారుతుంది, ఒకే హెచ్‌పీ ఉన్న రెండు కంపెనీల మోటార్లకు రెండు లెక్కలు ఉంటాయి. పాత కాయిల్‌ను జాగ్రత్తగా కోసి, చుట్లు లెక్కపెట్టి, మైక్రోమీటర్‌తో తీగ కొలిచి రాసుకున్నదే అసలు లెక్క. ఆ రాతలన్నీ ఒక పుస్తకంలో కంపెనీ పేరుతో దాచుకుంటూ పోతే పదేళ్లలో మీ దగ్గర ఉండేది ఇంకే ఏఐ దగ్గరా ఉండదు.

ఎందుకు కాలింది అన్నది కూడా అంతే. మోటార్ విప్పినప్పుడు రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడి, మూడోది రాగి రంగులోనే మెరుస్తుంటే, స్టార్ కనెక్షన్ మోటార్ అయితే అది సింగిల్ ఫేజింగ్, అంటే మూడు ఫేజుల్లో ఒకటి రాలేదు. అన్నీ సమానంగా నల్లబడితే లోడు ఎక్కువైంది, లేదా వోల్టేజీ తక్కువైంది, లేదా ఇసుక పట్టి పంపు బిగుసుకుంది. ఒక్క చోటే కాలి తీగ తెగితే ఇన్సులేషన్ దెబ్బతిని అక్కడే షార్ట్ అయింది. ఈ చూపు లేకుండా కొత్త వైండింగ్ చేసి దింపితే, స్టార్టర్‌లో ఫేజు పోతున్న సంగతి అట్లాగే ఉండి పదిహేను రోజులకు మళ్లీ కాలుతుంది, రైతు నష్టపోతాడు. ఫొటో పెడితే ఏఐ కూడా ఏదో చెప్తుంది, కొన్నిసార్లు కరెక్టే చెప్తుంది. కానీ ప్యానెల్ దగ్గర మాడిన వాసన దానికి తెలియదు, స్టార్టర్‌లో కాంటాక్టర్ కొట్టుకునే చప్పుడు వినదు, వారం కింద లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మార్చిన ముచ్చట రైతు మీకు చెప్తాడుగానీ దానికి చెప్పడు.

కేబుల్ సైజు, ఎర్తింగ్, కరెంటు ఉందా లేదా అన్న విషయాల్లో దాని మాట మీద చెయ్యి పెట్టకండి. టెస్టర్, మీటర్, సీనియర్ మనిషి, ఈ మూడే. ప్రాణం పోయే చోట ఇంకో ఆలోచన వద్దు.

షాపులో పిల్లగాడిని మరిచిపోవద్దు

నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. ఇంతకాలం పని నేర్చుకోవడమంటే ఉస్తాద్ పక్కన కూర్చుని, నట్లు విప్పుతూ, తిట్లు తింటూ నేర్చుకోవడం. ఇప్పుడు హెల్పర్‌కు డౌట్ వస్తే ఫోన్ తీస్తున్నాడు, ఉస్తాద్‌కు కూడా అదే హాయిగా ఉంది, చెప్పే పని తప్పింది కదా. జవాబు దొరుకుతుంది, చూపు మాత్రం రాదు. అందుకే షాపులో ఒక పద్ధతి పెట్టుకోండి: "తమ్మీ, ముందు నువ్వు చూసి ఏమైందో చెప్పు, ఆ తర్వాత ఫోన్‌ను అడుగు, రెండూ కలవకపోతే నన్ను పిలువు." తప్పు చెప్పినా తిట్టకండి, ఎందుకు అట్లా అనుకున్నావు అని అడగండి. రోజుకు ఒక్క మోటార్ మీద ఇట్లా చేసినా చాలు.

ఫోన్ పనే జీవనాధారమైనవాళ్లు

డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్, డేటా ఎంట్రీ చేసేవాళ్ల నోట్‌బుక్‌లో దాదాపు అన్నీ మొదటి గుర్తే పడతాయి. ఇది దాచి లాభం లేదు. మీరు తొందరగా కదలాలి. ఏఐ బొమ్మల్లో తెలుగు వత్తులు, దీర్ఘాలు తప్పు పడుతుంటాయి, తప్పుల్లేని తెలుగు, సైజు కొలిచి బోర్డు బిగించి ఇచ్చే పని, లైటింగ్ బోర్డు కరెంటు పని కలుపుకుంటే షాపు నిలబడుతుంది. టైపింగ్ రేటు మీద మాత్రం ఇక ఆశ పెట్టుకోవద్దు.

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం ఇక్కత్ నేతన్నలకు ప్రమాదం ఇంకో వైపు నుంచి ఉంది. నూలుకు కట్లు కట్టి రంగులో ముంచే పని ఏఐ చేయలేదు, కానీ మీ డిజైన్ ఫొటో చూసి నిమిషంలో అట్లాంటివి ఇరవై గీస్తుంది, అవి బట్ట మీద ప్రింటు కొట్టి ఇక్కత్ అని అమ్మేవాళ్లకు పని తేలికైపోతుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచి, పుట్టపాకలో నేసే తేలియా రుమాలుకు 2020 నుంచి జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు సరుకే అని చెప్పే గుర్తింపు) ఉంది, ఆ ట్యాగ్ పెట్టే అమ్మండి. కట్లు కట్టేటప్పుడు, రంగు అద్దేటప్పుడు, మగ్గం మీద ఉన్నప్పుడు చిన్న వీడియోలు తీసి చీరతో పాటు పంపండి. కొనేవాళ్లకు చీరను తిప్పి చూడమనండి, ఇక్కత్ రెండు వైపులా ఒకేలా కనపడుతుంది, ప్రింటు వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది.

పాలమూరు నుంచి వలసపోయే మేస్త్రీలు, వడ్రంగులు, టైలర్లు పీఎం విశ్వకర్మ సంగతి తెలుసుకోండి. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి, ట్రైనింగ్ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, రెండో విడతలో 2 లక్షల దాకా అప్పు ఇస్తారు. మోటార్ వైండింగ్ ఇందులో లేదు, ఉంటే బాగుండేది. పిల్లలు ఐటీఐలో చేరుతుంటే, తెలంగాణలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు, దగ్గర్లోది ఏదో కనుక్కుని అందులో చూడండి. కొత్త మిషన్ల మీద చెయ్యి పడాలి, సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదు.

ఇక పైసల సంగతి

మనవాళ్లు చూసినందుకు పైసలు అడగరు, చేసినందుకే అడుగుతారు. పొలం దాకా పోయి, గంట సేపు ప్యానెల్ చూసి, "ఫ్యూజు పోయింది పెద్దాయనా, మోటార్ బాగానే ఉంది" అని చెప్పి ఉత్త చేతులతో వస్తారు. బిల్లులు, కొటేషన్లు, మాన్యువల్ చదవడం అన్నీ చవకైపోయే రోజుల్లో మీ దగ్గర మిగిలే ఖరీదైన ముక్క ఇదే, ఆ చూపు. దానికి రేటు పెట్టండి. షాపు ముందు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి: వచ్చి చూసినందుకు ఇంత, పని మాకే ఇస్తే లేబర్‌లో తగ్గిస్తాం. మొదట్లో నలుగురు గులుగుతారు. మోటార్ ఎందుకు కాలిందో, మళ్లీ కాలకుండా ఏం మార్చాలో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి, దాన్ని చక్కగా టైపు చేసే పని ఫోన్‌కు చెప్పండి, కింద సంతకం మీరు పెట్టండి.